పీజీలో ఎవరైనా కుప్పకూలితే: సీపీఆర్ మీ చేతులకు ఎలా నేర్పించాలి

నేను సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు బెంగళూరులో మా పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) వంట చేసే అన్న ఒక రాత్రి గిన్నెలు కడుగుతూ కడుగుతూ వెనక్కి పడిపోయాడు. పడగానే కాళ్లూ చేతులూ రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి, దాంతో ఎవరో ఫిట్స్ అన్నారు, ఇంకొకరు బైక్ తాళాలు తెచ్చి ఆయన గుప్పిట్లో పెట్టారు, నేను ముఖం మీద నీళ్లు చల్లాను. నోరు తెరుచుకుని మధ్యమధ్యలో గురక పెట్టినట్టు గాలి లాగుతున్నాడు కాబట్టి ఊపిరి ఉందనే అనుకున్నాం. ఆటో దొరికి, ఆయన్ని అందులో పడుకోబెట్టి, దగ్గర్లోని ఆసుపత్రికి చేరేసరికి ఇరవై నిమిషాలు దాటింది. క్యాజువాలిటీలో డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఛాతీ ఎవరైనా నొక్కారా?" అని. నలుగురం వెళ్లాం, నలుగురం తల దించుకున్నాం.

ఆయన బతకలేదు. నొక్కి ఉంటే తప్పకుండా బతికేవాడని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ఇరవై నిమిషాల్లో మేం హడావుడిగా చేసిన పనుల్లో ఒక్కటి కూడా ఆయనకు పనికొచ్చేది కాదని తర్వాత సీపీఆర్ (గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి రక్తం ఆడించడం) ట్రైనింగ్ క్లాసులో కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది, ఆ రోజు క్లాసు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాను కూడా. నేను డాక్టర్ని కాదు, ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. కోర్సు రెండుసార్లు చేశాను, మా పీజీలో కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ తెలిసినంత చెబుతున్నాను. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరు బీటీఎంలోనో మారతహళ్లిలోనో ఉంటున్న మన పిల్లలందరికీ ఇది తెలియాలన్నది నా కోరిక.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదు. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతుంది. మనిషికి నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటాయి, కానీ స్పృహ ఉంటుంది, మీతో మాట్లాడతాడు. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె రక్తాన్ని తోయడం ఆపేయడం. చాలాసార్లు గుండె మొత్తంగా నిలిచిపోదు, కండరమంతా లయ తప్పి వణుకుతూ ఉంటుంది, దాన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. వణుకుతుంది గానీ రక్తం ముందుకు పోదు, మనిషి కొన్ని సెకన్లలో కూలిపోతాడు. గుండెపోటు ముదిరితే ఇలా కావచ్చు. సీపీఆర్ చేసేది ఇలా కూలిపోయిన మనిషికి, నొప్పితో కూర్చుని మాట్లాడుతున్న మనిషికి కాదు.

మమ్మల్ని మోసం చేసినవి రెండు. ఒకటి, ఆ కొట్టుకోవడం. మెదడుకు రక్తం ఒక్కసారిగా ఆగిపోతే కొద్ది సెకన్లపాటు ఫిట్స్ వచ్చినట్టే కాళ్లూ చేతులూ అదురుతాయి. రెండోది, ఆ గురక. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఎగశ్వాస అంటారే, అదే. అది ఊపిరి కాదు. నోరు చేపలా తెరుచుకుని, ఆగి ఆగి, ఎక్కడో లోపలి నుంచి లాగినట్టు వచ్చే ఆ చప్పుడు చూసి "ఊపిరి ఆడుతోంది, పర్లేదు" అనుకునేవాళ్లు చాలామంది, ఈ ఒక్క పొరపాటు వల్లే విలువైన నిమిషాలన్నీ పోతాయి. అందుకే ఈ వాక్యం నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి: పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు లేదా మామూలుగా లేదు, అంటే నొక్కడం మొదలుపెట్టాలి.

చూసే పద్ధతి ఇది. ముందు మీకు ప్రమాదం లేదని చూసుకోండి, తడి నేల మీద తెగిన కరెంటు వైరు ఉంటే మెయిన్ ఆపాకే ముట్టుకోవాలి. భుజాలు రెండూ గట్టిగా తట్టి అరిచినట్టు పిలవండి. పలక్కపోతే ఛాతీ వైపు చూస్తూ ఊపిరి గమనించండి, దీనికి పది సెకన్లు మించి వద్దు. నాడి కోసం వెతక్కండి, టెన్షన్‌లో మన వేళ్లలో మన నాడే కొట్టుకుంటూ ఉంటుంది, ట్రైనింగ్ ఉన్నవాళ్లకే అది కష్టం. ఒకవేళ గుండె ఆడుతున్న మనిషికి పొరపాటున నొక్కారనుకోండి, అతను మూలుగుతాడు, చెయ్యి తోసేస్తాడు, మీరు ఆపేస్తారు, పెద్ద హాని జరిగే అవకాశం తక్కువ. నొక్కాల్సిన మనిషికి నొక్కకపోతే మాత్రం నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఫోన్, అడ్రస్, కన్నడ

"ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి" అని గుంపులోకి అరిస్తే ఎవరూ చేయరు, పక్కవాడు చేస్తాడనుకుంటారు. ఒకరి వైపు వేలు చూపించి, "నువ్వు, నీలం చొక్కా, 108 కి చెయ్, చేసి నాకు చెప్పు" అనండి. 112 కి చేసినా సాయం వస్తుంది. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన నేల మీద పడేసి, మాట్లాడుతూనే నొక్కడం మొదలుపెట్టండి.

బెంగళూరులో అడ్రస్ చెప్పడం పెద్ద పరీక్ష. ఇక్కడ ప్రతి లేఔట్‌లోనూ ఒక ఐదో క్రాస్, ఒక తొమ్మిదో మెయిన్ ఉంటాయి, కంగారులో "ఫిఫ్త్ క్రాస్" అని మాత్రమే చెబితే అంబులెన్స్ ఎక్కడికి రావాలి? లేఔట్ పేరు, స్టేజ్, మెయిన్, క్రాస్, పక్కనున్న గుడో బేకరీనో బస్టాపో, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవాళే పీజీ మెయిన్ డోర్ లోపలి వైపు అతికించండి. రాత్రి పది తర్వాత గేటుకి తాళం వేసే పీజీలే ఎక్కువ కాబట్టి ఒకరు వెళ్లి గేటు తీసి రోడ్డు మీద నిలబడాలి, లిఫ్ట్ ఉంటే ఇంకొకరు దాన్ని కింద పట్టుకుని ఉంచాలి. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ఆరింటికి రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు, బండి వచ్చేదాకా ఆ మనిషికి మీ చేతులే దిక్కు.

కన్నడ రానివాళ్లు ఈ నాలుగు మాటలు నేర్చుకోండి, ఇరుగుపొరుగును పిలవడానికి చాలు. "ఆంబులెన్స్ కరీరి" అంటే అంబులెన్స్‌ని పిలవండి. "ప్రజ్ఞె ఇల్ల" అంటే స్పృహ లేదు. "ఉసిరాట ఇల్ల" అంటే ఊపిరి ఆడడం లేదు. "బేగ బన్ని" అంటే త్వరగా రండి.

ఇప్పుడు నొక్కడం

మనిషి గట్టి నేల మీద వెల్లకిలా ఉండాలి. మన పీజీ మంచాల మీద స్పాంజి పరుపులుంటాయి, వాటి మీద నొక్కితే పరుపు దిగుతుంది గానీ ఛాతీ దిగదు. దుప్పటితో సహా పట్టుకుని తల జాగ్రత్తగా కాపాడుతూ కిందికి దించండి. పక్కన మోకాళ్ల మీద, ఆయన ఛాతీకి దగ్గరగా కూర్చోండి. ఛాతీ మధ్యలో ఉండే ఎముక, దాని కింది సగం మీద ఒక అరచేతి మడమ పెట్టండి, అంటే మణికట్టుకి దగ్గరగా గట్టిగా ఉండే భాగం. ఎడమవైపు గుండె ఉంటుంది కదా అని ఎడమ రొమ్ము మీద పెట్టకండి. రెండో చెయ్యి దాని మీద వేసి వేళ్లు ముడేయండి, వేళ్లు పక్కటెముకల మీద ఆనకూడదు. మోచేతులు వంగకుండా, మీ భుజాలు సరిగ్గా మీ చేతుల మీదికి వచ్చేలా ముందుకు వంగండి. బలం చేతుల నుంచి కాదు, నడుము పైన ఉన్న మీ బరువంతా దిగాలి. చపాతీ పిండి పిసికినట్టు మోచేతులు ఆడిస్తూ నొక్కేవాళ్లు ముప్పై సెకన్లకే అలసిపోతారు.

ఎంత లోతు? పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా. మీ బొటనవేలు పొడవు చూసుకోండి, దాదాపు అంత. అది మనం ఊహించేదానికంటే చాలా ఎక్కువ, మొదటిసారి బొమ్మ మీద నొక్కినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ నన్ను "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నారు. ఎంత వేగం? నిమిషానికి 100 నుంచి 120, అంటే సెకనుకి రెండు కంటే కాస్త తక్కువ. తెలుగులో అంకెలు లెక్కపెడుతూ నొక్కితే ఇరవై దాటాక మాట పొడవై చేతులు కూడా నెమ్మదిస్తాయి, నేను గమనించాను. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (ఒకే వేగంతో టిక్ టిక్‌మనేది) నిమిషానికి 110 మీద పెట్టి రోజూ కొన్నాళ్లు వినండి, ఆ వేగం చెవిలో ఉండిపోతుంది.

ప్రతిసారీ నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. ఇది ఎవరూ పట్టించుకోని విషయం, కానీ గుండెలోకి రక్తం తిరిగి నిండేది ఆ పైకి లేచే క్షణంలోనే. చేతులు ఛాతీకి తాకుతూనే ఉండాలి, బరువు మాత్రం వదలాలి. ఒకట్రెండు పక్కటెముకలు పటపటమనడం వినపడొచ్చు, ఆ శబ్దం భయంకరంగా ఉంటుంది, అయినా ఆపకండి, ఎముకలు అతుక్కుంటాయి. ఇద్దరు ముగ్గురు ఉంటే రెండు నిమిషాలకొకరు మారండి, మారేటప్పుడు పది సెకన్ల కంటే తక్కువలో మారాలి. అలసటతో లోతు తగ్గిపోతుంది, తగ్గిందని నొక్కేవాళ్లకు తెలియదు, చూసేవాళ్లకే తెలుస్తుంది. అందుకే "నేను బాగానే ఉన్నాను" అని ఎవరన్నా రెండు నిమిషాలకు పక్కకు జరపండి.

నోటితో ఊపిరి ఇవ్వడం గురించి అందరికీ సందేహం. ట్రైనింగ్ లేనివాళ్లు పెద్దవాళ్లకు నొక్కితే చాలు, ఆపకుండా. మన దేశంలో అనస్థీషియా డాక్టర్లు ముందుండి నడుపుతున్న ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ మామూలు జనానికి నేర్పించేది కూడా నొక్కడం మాత్రమే ఉండే పద్ధతి, దాని పేరు కోల్స్ (కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్). ట్రైనింగ్ అయినవాళ్లు 30 సార్లు నొక్కి 2 ఊపిరులు ఇస్తారు. అయితే చెరువులో మునిగినవాళ్లకూ చిన్నపిల్లలకూ ఊపిరి ఇవ్వడం చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్లలో సాధారణంగా ముందు ఆగేది గాలి, తర్వాత గుండె. ఆ భాగం కోసమైనా క్లాసుకి వెళ్లాలి.

ఇంకొకటి చెప్పాలి. కూలిపోయింది అమ్మాయైతే ఛాతీ మీద చెయ్యి వేయడానికి మన అబ్బాయిలు జంకుతారు. ఆ జంకు మనం పెరిగిన పద్ధతి నుంచి వస్తుంది, నాకు అర్థమవుతుంది. కానీ చెయ్యి పెట్టే చోటు ఎముక మీద, ఎవరికైనా అదే చోటు. చుట్టూ ఉన్న అమ్మాయిలను దుపట్టాలు అడ్డుగా పట్టుకోమనండి, మీరు నొక్కండి.

ఏఈడీ కనిపిస్తే

ఏఈడీ అనేది గుండెకి షాక్ ఇచ్చే చిన్న పెట్టె. ఆ వణుకుని ఆపి గుండెని మళ్లీ లయలోకి తేగలిగేది అదే, సీపీఆర్ అది వచ్చేదాకా మెదడుని కాపాడుతుంది. ఎయిర్‌పోర్టులో, పెద్ద ఐటీ క్యాంపస్‌లలో, కొన్ని మాల్స్‌లో గోడకి ఉంటుంది, గుండె బొమ్మ మీద మెరుపు గుర్తు చూడండి. ఆన్ చేస్తే అదే మాట్లాడుతుంది. ఛాతీ మీద బట్ట తీసి, తడి ఉంటే తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకొకటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద అతికించాలి. అది గుండె లయ చూసేటప్పుడూ షాక్ ఇచ్చేటప్పుడూ ఎవరూ మనిషిని తాకకూడదు. షాక్ అవసరం లేకపోతే అది ఇవ్వదు, అందుకే భయపడకండి. షాక్ అయిన వెంటనే మళ్లీ నొక్కడమే. మీ కాలేజీలో ఏఈడీ ఉందో లేదో రేపే కనుక్కోండి, ఉంటే అది తాళం వేసిన గదిలో ఉందేమో కూడా చూడండి.

గ్యాస్ అని వదిలేయకండి

ఇది మీ పీజీ కంటే మీ ఇంటికి ఎక్కువ అవసరం. మన ఇళ్లలో ఛాతీలో పట్టేసినట్టుంటే ముందు వచ్చే మాట గ్యాస్. సోడా తాగిస్తారు, జీలకర్ర నీళ్లు ఇస్తారు, కాసేపు అటూ ఇటూ నడవమంటారు. ఛాతీ మధ్య బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమట, ఆయాసం, ఇవి కొన్ని నిమిషాలు తగ్గకపోతే గుండెపోటనే అనుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ నొప్పి సరిగా తెలియకుండా నీరసం, వాంతి, ఊపిరందకపోవడం మాత్రమే ఉండొచ్చు. "అమ్మకి పొద్దున్నుంచి ఏదోలా ఉందట" అని ఫోన్ వస్తే ఇది గుర్తుకు రావాలి.

అప్పుడు చేయాల్సింది: కూర్చోబెట్టండి, మెట్లు దిగనివ్వకండి, బైక్ వెనకాల ఎక్కించుకుని వెళ్లకండి, 108 కి చేయండి. ఆస్పిరిన్ ఎలర్జీ, రక్తస్రావం, కడుపులో పుండ్ల లాంటివి లేకపోతే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల దాకా నమిలించమని చెబుతారు, ఫోన్‌లో ఉన్నవాళ్లని అడిగి ఇవ్వడం మంచిది. పక్కింటి తాతగారి సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) తెచ్చి నాలుక కింద పెట్టడం మాత్రం వద్దు, బీపీ పడిపోవచ్చు. ఆసుపత్రికి వెళ్లాక వెంటనే, పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి, క్యూలో కూర్చోమంటే "ఛాతీ నొప్పి" అని గట్టిగా చెప్పండి. బెంగళూరులో జయదేవ ఆసుపత్రి గుండె కోసమే ఉన్న ప్రభుత్వ సంస్థ, మీ ఏరియా నుంచి అక్కడికి ఎంత దూరమో, అంతకంటే దగ్గరగా క్యాథ్ ల్యాబ్ (మూసుకున్న గుండె నాళాన్ని తెరిచే గది) ఉన్న ఆసుపత్రి ఏదో ముందే చూసి పెట్టుకోండి.

వయసు గురించి మోసపోకండి. కన్నడ సినిమా హీరో పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న ఇదే ఊళ్లో గుండెపోటుతో చనిపోయినప్పుడు ఆయనకు 46 ఏళ్లు, రోజూ వ్యాయామం చేసే మనిషి. ఆయన పేరు మీదే కర్ణాటక ప్రభుత్వం హృదయ జ్యోతి పథకం పెట్టి, గుండెపోటుతో వచ్చినవాళ్లకు తాలూకా ఆసుపత్రుల్లోనే ఈసీజీ చూసి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు చేసింది.

ఎక్కడ నేర్చుకోవాలి

వీడియోలు చూసి వచ్చేసింది అనుకోవద్దు. బావిలో దిగకుండా ఈత రానట్టే, బొమ్మ మీద చెమట పట్టేదాకా నొక్కకుండా ఇది రాదు. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ లేదా యూత్ రెడ్‌క్రాస్ యూనిట్ ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి, వాళ్లు అడిగితే ఆసుపత్రుల వాళ్లు చాలాసార్లు కాలేజీకే వచ్చి నేర్పిస్తారు. సెప్టెంబర్ 29 వరల్డ్ హార్ట్ డే, అక్టోబర్ 16 రీస్టార్ట్ ఎ హార్ట్ డే, ఆ రోజుల చుట్టూ ఇలాంటివి ఎక్కువగా పెడతారు. రేస్‌కోర్స్ రోడ్డులో రెడ్‌క్రాస్ ఆఫీసు ఉంది, వెళ్లి ఫస్ట్ ఎయిడ్ క్లాసులు ఎప్పుడో అడగండి. సర్టిఫికెట్ కావాలంటే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెంటర్లలో మనలాంటివాళ్లు హార్ట్‌సేవర్ అనే కోర్సు, నర్సింగ్, మెడిసిన్, ఫిజియో చదివేవాళ్లు బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు చేయొచ్చు, కార్డు రెండేళ్లు పనిచేస్తుంది. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఎంతమందికి ఒక బొమ్మ? నలభై మందికి ఒక బొమ్మ ఉన్న చోట మీ వంతు అర నిమిషం కూడా రాదు. లోతు సరిపోతే క్లిక్‌మనో లైటు వెలిగో చెప్పే బొమ్మలుంటే ఇంకా మంచిది.

ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఇది విని సంతోషిస్తారు: ఛాతీ నొక్కే ఈ పద్ధతిని 1960లో లోకానికి చెప్పిన ముగ్గురిలో విలియం కూవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్. జాన్స్ హాప్‌కిన్స్‌లో షాక్ యంత్రం మీద ప్రయోగాలు చేస్తుండగా, బరువైన ఎలక్ట్రోడ్లు కుక్క ఛాతీ మీద నొక్కిపెట్టినప్పుడు రక్తపోటు పెరగడాన్ని వాళ్ల బృందంలోని నికర్‌బాకర్ గమనించాడు. ఆ చిన్న గమనింపు నుంచే వచ్చింది ఇదంతా.

పోలీసుల భయం సంగతి. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ చేర్చారు, కర్ణాటకలో దీనికి సొంత చట్టం కూడా ఉంది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు.

కోర్సు అయిపోయాక కొన్ని నెలలకే చేతులు మర్చిపోతాయి. మేం నెలకొక ఆదివారం టెర్రస్ మీద సాధన చేస్తాం. దిండు మరీ మెత్తన, అందుకే బొంతలు రెండు గట్టిగా చుట్టి తాడు కట్టాం. బతికున్న స్నేహితుడి ఛాతీ మీద మాత్రం ఎప్పుడూ నొక్కి చూడకండి. ఫోన్‌లో 110 పెట్టి, టైమర్ రెండు నిమిషాలు పెట్టి, ఒకరు నొక్కుతుంటే ఇంకొకరు మోచేతులు వంగుతున్నాయా, బరువు వదులుతున్నారా అని చూస్తారు, మూడోవాళ్లు 108 కి చేసినట్టు నటించి అడ్రస్ మొత్తం కన్నడలో చెప్పాలి. మొదటిసారి నిమిషం దాటకముందే చేతులు లాగేస్తాయి, మణికట్లు నొప్పి పుడతాయి. పోయిన ఆదివారం కొత్తగా చేరిన వంట అక్క కూడా పైకి వచ్చి, చీర కొంగు దోపుకుని, మాలో చాలామంది కంటే సరిగ్గా రెండు నిమిషాలు నొక్కింది.